ఒడ్డు నీళ్ళు, నడిమి నీళ్ళు

మా తండా కుంటలో ఆకుపచ్చ తెట్టు మొదట కనిపించింది అడవి వైపు ఒడ్డున. అది 2009 జూలై నెల. ఆరుద్ర కార్తెలో ఒక్క పెద్ద వాన కొట్టి, పత్తిచేలల్లో వేసిన ఎరువంతా కుంటలోకి కడిగి, తర్వాత మొహం చాటేసింది. రెండు వారాలు ఒకటే ఎండ. మేకలు కాసేవాళ్ళు తెట్టును చూసి ఎవరో పెయింటు డబ్బా ఒలకబోశారనుకున్నారు. మూడో రోజు రెండు మేకలు ఆ ఒడ్డునే పడి చచ్చాయి. వాటి మూతుల చుట్టూ వెంట్రుకలకు ఆ ఆకుపచ్చ ఎండి అంటుకుని ఉంది.

అందరూ మేకల చుట్టూ మూగారు. మంగీలాల్ కాకా మేకల వైపు చూడలేదు, నీళ్ళ వైపు చూశాడు. వంగి, ఎండుపుల్లతో తెట్టును కదిపి, పుల్లను ముక్కు దగ్గర పెట్టుకుని, దూరంగా విసిరేశాడు. చేతికి ఏమీ అంటకపోయినా మట్టితో రుద్దుకున్నాడు.

"ఏంది సముద్రం, నీ చుట్టాలా?" అన్నారెవరో. నవ్వులు.

"అవ్, చుట్టాలే," అన్నాడు కాకా. "గని ఇంటికి రావాల్సిన చుట్టాలు కాదు."

మంగీలాల్ కాకా మా బాపు తమ్ముడు. అప్పటికి తీజ్ పండుగ మూడు వారాల్లో ఉంది. తీజ్ అంటే మా తండాల్లో పెళ్ళికాని ఆడపిల్లల పండుగ. బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, మొలకలు పెంచి, తొమ్మిదో రోజున ఆ బుట్టలు నెత్తిన పెట్టుకుని కుంటలోకి నడుము లోతు దిగి వదిలిపెడతాం. ఆ ఏడు పెద్దబుట్ట కాకా ఒక్కగానొక్క కూతురు బాలిది. అందరికంటే ముందు ఆమే దిగాలి. సంబంధం కుదిరింది కాబట్టి అదే ఆమెకు చివరి తీజ్. మేకలు చచ్చిన రోజు నుంచి కాకాకి ఒకటే మాట. బాలి ఆ నీళ్ళలోకి దిగకూడదు. బాలే కాదు, ఏ పిల్లా దిగకూడదు.

సముద్రం అనే పేరు ఆయనకు ఉద్యోగం వల్ల వచ్చింది. కారేపల్లి హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, ఎంప్లాయిమెంట్ కార్డు తీసుకుని, మూడేళ్ళు చేను కాపలా కాస్తూ ఉన్నాక, 1983లో విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది. సముద్రపు నీళ్ళను పరీక్ష చేసే ఆఫీసులో అటెండరు ఉద్యోగం. అప్పటిదాకా ఆయన చూసిన పెద్ద నీళ్ళంటే భద్రాచలం దగ్గర గోదావరి. చేరిన పదో రోజున ఓడ ఎక్కించారట. మొదటి మూడు నెలలు తిన్నదంతా కక్కుకున్నాడట.

ఆయన పని సీసాలు. ఓడ కొన్ని చోట్ల ఆగేది. ఒడ్డు మీది ఇళ్ళు కనిపించేంత దూరంలో ఒకసారి, ఒడ్డు సన్నటి గీత అయినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఎటు చూసినా నీళ్ళే ఉన్న చోట ఇంకోసారి. ఆగిన ప్రతిచోటా తాడు కట్టిన సీసాలను లోతుకు దింపి నీళ్ళు తీయాలి. అందులో అయోడిన్ చుక్కలు వేస్తే నీళ్ళు టీ రంగులోకి మారతాయి. లోపల బతికున్నవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఆగిపోతాయి. అప్పుడు తేదీ, చోటు, లోతు రాసిన చీటీ అంటించాలి. ఒకసారి ఒళ్ళు తూలుతున్నప్పుడు ఆయన రెండు చీటీలు మార్చి అంటించాడు. ఒడ్డు సీసా నడిసముద్రందని, నడిసముద్రం సీసా ఒడ్డుదని వెళ్ళింది. ఆ తప్పు బయటపడేసరికి ఏడాది పని పాడైంది. పెద్దసారు తిట్టలేదట. ఆయన్ని సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, రెండు చుక్కలూ చూపించి, "ఇప్పుడు చెప్పు, రెండూ ఒకటేనా?" అని అడిగాడట. ఆ రోజు నుంచి కాకా సీసాలు మొయ్యడంతో ఆగలేదు. చూడడం నేర్చుకున్నాడు, లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళు అదే చేసి, కళ్ళకు శుక్లాలు రావడంతో ముందే పదవీ విరమణ తీసుకుని 2005లో తండాకి వచ్చేశాడు. ఆఫీసువాళ్ళు పాత సామాను వేలం వేస్తే ఒక అరిగిపోయిన సూక్ష్మదర్శిని కొనుక్కుని, గుడ్డలో చుట్టి వెంట తెచ్చుకున్నాడు.

నేను తొమ్మిదో తరగతి సగంలో బడి మానేశాను. మధ్యాహ్నాలు వెళ్ళి ఆయన నోటుపుస్తకాలు చదివి వినిపించేదాన్ని. వాటిలో పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లుండేవి, పలకడం నాకు వచ్చేది కాదు. ఆయన తన పేర్లు చెప్పేవాడు. గాజుల గొలుసు. ముళ్ళబంతి. పడవ. రంపపు పొట్టు. అన్నీ కంటికి కనిపించని మొక్కలే. వేరు లేదు, కాండం లేదు, నీళ్ళలో తేలుతూ ఎండ తిని బతుకుతాయి.

"ఒడ్డు దగ్గరి చుక్క అద్దం కింద పెడితే, మిర్చి సీజన్ల ఖమ్మం మార్కెట్ యార్డు లెక్క ఉంటది బిడ్డా," అనేవాడు. "కాలు పెట్ట సందుండదు. గోదావరి వరద తెచ్చిన మన్ను తిని గాజుల గొలుసులు బలుస్తయ్. అది మన మన్నే. మన చేలల్ల నుంచి పోయిందే."

"లోపలికి పోతే?"

"లోపలికి పోతే నీళ్ళు నీలం. చూసినోళ్ళు అందం అనుకుంటరు. అది ఆకలి. తినేతందుకు ఏం లేదు గనకనే నీలం. సీసెడు నీళ్ళు రెండు రోజులు కదపకుండ పెట్టి అడుగుకు చేరింది చూస్తే ఐదో ఆరో దొరుకుతయ్. అన్నీ సన్నయే. మా అద్దానికి అందనంత సన్నయి ఇంకెన్నో ఉన్నయని మా ఆఫీసు సార్లు చెప్పేటోళ్ళు. పైన ఇంత ఖాళీయా, కిందికి దింపు సీసా. వెలుగు సందెపొద్దు లెక్క అయ్యే లోతుల మందకు మంద కూసోని ఉంటది."

"ఒకటే సముద్రం కదా కాకా?"

"పేరు ఒకటే. గని ఎక్కడ ముంచినవో చెప్పకపోతే ఆ సీసా అబద్ధం."

మేకలు చచ్చిన మర్నాడు ఆయన రెండు గాజు సీసాలు నా చేతికిచ్చాడు. ఒకటి అడవి ఒడ్డున ముంచి తేవాలి. చెయ్యి తగలకుండా, మూతికి దారం కట్టి. ఇంకొకటి కుంట నడిమిట్లోది. నడిమిట్లోకి బొజ్జయ్య తీసుకెళ్ళాడు. బొజ్జయ్య పక్క గూడెం కోయ మనిషి, లారీ ట్యూబు మీద చెక్కలు కట్టిన తెప్ప వేసుకుని చేపలు పడతాడు. "పదిరోజులాయె, వలకు బురద తప్ప ఏం తగుల్తలేదమ్మా," అన్నాడు తెడ్డు వేస్తూ. ఒడ్డున అంత చిక్కగా ఉన్న ఆకుపచ్చ పది బారలు లోపలికి పోయేసరికి పలచబడింది. నడికుంటలో నీళ్ళు దాదాపు తేటగా ఉన్నాయి. చెయ్యి ముంచితే గోళ్ళు కనిపించాయి.

కాకా కిటికీ దగ్గర సూక్ష్మదర్శిని పెట్టి, "నా కండ్లు మసక. నువ్వు చూసి చెప్పు," అన్నాడు.

నడికుంట చుక్కలో అక్కడొకటి ఇక్కడొకటి పడవలు కనిపించాయి. పచ్చటి చిన్న గుండ్రటివి కొన్ని. చాలావరకు ఖాళీ. ఒడ్డు చుక్క పెట్టగానే నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఖాళీ లేదు. సన్నటి చుక్కలు వేలకు వేలు, ఉడికిన సగ్గుబియ్యం ముద్దలాగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ముద్ద పక్కన ముద్ద. వేరే జాతి ఒక్కటీ లేదు. అవి కదలడం లేదు. అయినా నాకు అవి నన్నే చూస్తున్నట్టు అనిపించి కన్ను తీసేశాను.

నేను చూసింది చూసినట్టు కాకాకి చెప్పాను.

"సముద్రంల ఇంత చిక్కగ ఒక్కతీరుగ ఎప్పుడో గని చూడలే," అన్నాడు. "ఇది ఎరువు తిని బలిసింది. దీని కడుపుల గాలి బుడగలుంటయ్. ఎండ పొద్దున పైకి తేలుతది. తేలినంక గాలి ఎటు తోస్తే అటు. ఇప్పుడు పడమటి గాలి, గందుకే అడవి ఒడ్డుకు పోయింది. పొడిచినట్టు ఎవరిని సంపదు. మింగితే లోపల కార్జం పోతది."

మా తండా పెద్ద, నాయక్ మోతీలాల్ మొండివాడు కాదు. కాకా వెళ్ళి, ఈసారి తీజ్ బుట్టలు కుంటలో వద్దు, బోరు దగ్గర తొట్టి కట్టి అందులో వదులుదాం అంటే, పూర్తిగా విన్నాడు.

"మంగీలాల్, నువ్వు చదువుకున్నోడివి. నీ మాట తీసెయ్యను. గని తొట్లె తీజ్ వదిలితే పక్క తండావోళ్ళు తరతరాలు నవ్వుతరు. కాయితం తీసుకురా. నీళ్ళు మంచియి కావని ఆఫీసోళ్ళు రాసియ్యని, నేనే అందరికి చెప్త."

కాకా చెబుతుంటే అర్జీ నేను రాశాను. ఖమ్మంలో నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసుకి పోస్టులో పంపాం. వారం గడిచినా ఎవరూ రాలేదు. కళ్ళు చూపించుకునే పని కూడా ఉందని కాకా ఒక పొద్దున రైలెక్కి ఖమ్మం వెళ్ళాడు, ఆఫీసులో కూడా అడిగి వద్దామని. ఆయన వెళ్ళిన రోజే ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు.

వచ్చినాయన పేరు వెంకటనారాయణ. నలభై అయిదేళ్ళుంటాయి. కారేపల్లి నుంచి ఆటో సగం దారిలో ఆగిపోతే ఎండలో నడిచి వచ్చాడు. చొక్కా అంతా చెమట. నాయక్ ఇంటి ముందు మంచం వేసి కూర్చోబెట్టారు. సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి, "కుంట నీళ్ళు కావాలి. ఎంత దూరం?" అని అడిగాడు.

"మీరెందుకు సార్ పోవుడు? తెప్పిస్త," అన్నాడు నాయక్.

ఆ మాట చెవిన పడగానే హేమ్లి కాకి లేచింది. హేమ్లి కాకి అంటే మంగీలాల్ కాకా భార్య. తన పెనిమిటి రాసిన అర్జీకి ఖమ్మం నుంచి ఆఫీసరు వచ్చాడని ఆమెకి కాలు నేల మీద నిలవడం లేదు. ఇంట్లోంచి ఇత్తడి బిందె తెచ్చి చింతపండుతో తళతళా తోమింది.

"రేవుల ముంచకు బొజ్జయ్యా, కాళ్ళు కడిగే నీళ్ళు," అంది. "నడిమిట్లకు పో. తేటయి తీసుకురా. ఖమ్మం నుంచి వచ్చినాయనకు గడ్డి నీళ్ళు పోస్తమా?"

బొజ్జయ్య నడికుంట నుంచి బిందె నింపుకొచ్చాడు. కాకి కొత్త గుడ్డను నాలుగు మడతలు వేసి, ఇంకో బిందె మూతికి కట్టి, నిదానంగా వడపోసింది. గుడ్డ మీద ఆకుపచ్చ జిగురు కొంచెం మిగిలింది. ఆమె గుడ్డ విప్పి, ఆ జిగురు కనబడకుండా మడిచి, గోడ వెనక్కి విసిరింది. నేను గోడ వెనకే నిలబడి ఉన్నాను. గుడ్డ నా కాళ్ళ దగ్గర పడింది.

కాకా చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. అది తప్పు అని నాకు తెలుసు. అంతమంది మగవాళ్ళు, మంచం మీద ఖమ్మం ఆఫీసరు. అడగనిదే మాట్లాడడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. నేను మాట్లాడలేదు.

"కుంట నీళ్ళేనా అమ్మా?" అని వెంకటనారాయణ అడిగాడు.

"కుంటవే సార్. నడికుంటవి."

ఆయన సీసా నింపుకుని చీటీ రాశాడు. మిగిలిన నీళ్ళు కాకి చెంబులో పోసి ఇస్తే గటగటా తాగేసి, "చల్లగా ఉన్నయ్," అన్నాడు. అందరికీ ఎంతో సంతోషమైంది.

కళ్ళ పరీక్షలకని ఖమ్మంలో ఆపేస్తే కాకా తీజ్ మొదలయ్యే ముందు రోజుకు గాని తిరిగి రాలేదు; కాగితం కూడా ఆ రోజే వచ్చింది. నాయక్ ఇంటి ముందు నాతోనే చదివించారు. ఉప్పు ఇంత, ఫ్లోరైడు ఇంత, ఇంకో నాలుగైదు పేర్లు. అన్నీ హద్దులోపలే ఉన్నాయి. ఆ మొక్క మాట అందులో లేనే లేదు. కింద చోటు అనే గడిలో తండా పేరూ, కుంట అనే మాటా, అంతే.

కాకా అడిగింది ఒకటే. "ఎక్కడ ముంచిన్రు?"

ఎవరూ చెప్పకముందే హేమ్లి కాకి గర్వంగా అంది, "నడిమిట్ల. నేనే తెప్పిచ్చిన."

"వడగట్టినవా?"

"అదేం మాట? వడగట్టకుండ ఎవరన్న పరాయి మనిషికి పోస్తరా? నాలుగు మడతలు వేసి వడగట్టిన. గుడ్డ కూడ కొత్తది."

"గుడ్డ మీద పచ్చటిది మిగిలింది కాకా," అన్నాను నేను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అన్నాను. అప్పుడు అందరూ నా వైపు తిరిగారు.

కాకి మొహం మాడిపోయింది. అయినా దాచలేదు. "అవ్, మిగిలింది. అదే గదా వడగట్టేది? చెత్త ఆపేతందుకే గదా గుడ్డ?"

"ఆ చెత్తనే చూడాల్సింది," అన్నాడు కాకా.

"వడగడితే తప్పేందిరా?" అని ఒక ముసలాయన గట్టిగా నవ్వాడు. "నీ సముద్రంల ఎట్లనో గని మాకు మర్యాద ఉంటది. పరాయి మనిషికి నాచు తాపమంటవా?"

"నేను అడిగింది మర్యాద కాదు దాదా. నీళ్ళు."

"ఆఫీసరు నా కండ్ల ముందట తాగిండు మంగీలాల్," అన్నాడు నాయక్, నెమ్మదిగానే. "చెంబెడు తాగి, నడుసుకుంట పోయిండు. ఏమన్న ఐతే ఈ కాయితం ఎట్ల వస్తది? కాయితం తెమ్మన్న, వచ్చింది. ఇంక నన్నేం చెయ్యమంటవ్?"

మళ్ళీ సీసా పంపిద్దాం, పదిరోజులు ఆగుదాం అన్నాడు కాకా. పండుగ పదిరోజులు ఎలా ఆగుతుంది?

"నీ బిడ్డను దించకు. అది నీ ఇష్టం," అన్నాడు నాయక్. "పెద్దబుట్ట ఇంకొకరికి ఇస్తం."

ఆ సాయంత్రం బాలి అన్నం ముట్టలేదు. నేను అక్కడే ఉన్నాను. కాకా, "వద్దు బిడ్డా," అన్నాడు.

"నేను దిగకపోతే మిగతా పిల్లలు దిగకుంటరా బాపు?"

"దిగుతరు."

"మరి నేనొక్కదాన్నే ఒడ్డు మీద నిలబడి చూడాల్నా? నీ బిడ్డ బతకాలె, వాళ్ళు ఏమైనా సరేనా?"

ఆమె కోపంలో అన్నది. ఆయన మాత్రం దాన్ని కోపంగా తీసుకోలేదు. "నువ్వన్నది నిజమే," అని బయటికి వెళ్ళిపోయాడు.

తీజ్ మొదలైంది. మేము ఇరవై ముగ్గురు పిల్లలం. బుట్టలు మంచె మీద వరసగా పెట్టారు. రోజుకు మూడు పూటలా బిందెలతో నీళ్ళు తెచ్చి మొలకల మీద చిలకరించాలి. మా రేవు పడమటి వైపు. రోజూ పడమటి గాలే వీచింది. తెట్టంతా ఎదుటి ఒడ్డుకే తోసుకుపోయి అక్కడ పేరుకుంది. మా రేవులో నీళ్ళు మామూలుగానే కనిపించేవి. ఆడవాళ్ళు కాకాని చూసి నవ్వేవాళ్ళు. "ఏంది మరిదీ, నీ చుట్టాలు అలిగి పోయిన్రా?"

కాకా నవ్వేవాడు కాదు. పొద్దున లేస్తూనే రేవు దగ్గరికి వచ్చి, తడి వేలు పైకెత్తి గాలి చూసుకుని వెళ్ళేవాడు. ఎదుటి ఒడ్డున రోజురోజుకీ ఆకుపచ్చ వెడల్పు అవుతోంది. అటు తాగడానికి వెళ్ళిన కుక్క ఒకటి తిరిగి రాలేదు. కొంగలు రావడం మానేశాయి. ఆరో రోజు నుంచి కాకా వరిగడ్డి తెచ్చి తన ఇంటి ముందు మోకు పేనడం మొదలుపెట్టాడు. తొడ లావు మోకు. అడిగితే, విశాఖ హార్బర్లో ఓడ నుంచి నూనె కారితే ఇలాగే తేలే మోకు చుట్టూ వేసి ఆపేవాళ్ళని చెప్పాడు. బొజ్జయ్య తన వల బెండ్లు విప్పుకొచ్చి దానికి కట్టాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. పొద్దు గుంకే వేళకి తూర్పున మబ్బు పట్టింది. సన్నగా తూర్పుగాలి తిరిగింది. వాన వస్తుందని తండా అంతా సంబరపడింది. కాకా గడప మీద కూర్చుని ఆ గాలిని మొహం మీద పట్టుకుంటూ ఉండిపోయాడు.

తొమ్మిదో రోజు పొద్దున రేవుకు నీళ్ళకు వెళ్ళినవాళ్ళు బిందెలు ముంచకుండానే తిరిగొచ్చారు. కుంట మా ఒడ్డుకు వచ్చేసింది. రేవు మొత్తం ఆకుపచ్చ. నీళ్ళు కనబడడం లేదు. మెరుస్తోంది, పైన చీరెలు ఆరేసినట్టు ముడతలు పడుతోంది. కుళ్ళిన గడ్డి వాసన. నేను కాకా చెప్పినట్టే సీసా నింపి మూత పెట్టాను. ఆయన దగ్గర అయోడిన్ అయిపోయి ఎన్నాళ్ళో అయింది.

నాయక్ వచ్చి చూశాడు. ఆయన మొహంలో కూడా భయం కనిపించింది. కానీ అప్పటికే పక్క తండాల నుంచి చుట్టాలు దిగారు, డప్పులు మోగుతున్నాయి, ఆఫీసు కాగితం ఆయన జేబులోనే ఉంది. "పైన తెట్టే గదా," అన్నాడు. "పక్కకు జరిపితే కింద నీళ్ళు మంచియే."

"జరుపుత," అన్నాడు కాకా. "గని నేను చెప్పేదాక ఎవరు దిగొద్దు."

అడగవలసిన దానికంటే చాలా తక్కువ అడిగాడని నాకు అప్పుడే తెలుసు.

మోకును రేవు చుట్టూ సగం చందమామలా వేశారు. ఒక కొస ఒడ్డు మీద గుంజకు కట్టారు, ఇంకొక కొస ఇంకొక గుంజకు. లోపలి తెట్టును తట్టలతో ఎత్తి బయటికి పోశారు. గంటన్నర పట్టింది. లోపల నీళ్ళు పలచటి రంగుకు వచ్చాయి. కానీ గాలికి మోకు నడుమ భాగం లోపలికి వంగుతోంది. లోతులో పాతిన కర్రలు బురదలో నిలవలేదు. అక్కడ మనిషి పట్టుకుని నిలబడాలి. ఒక పక్క బొజ్జయ్య తెప్ప మీద నుంచి పట్టుకున్నాడు. ఇంకొక పక్క తెప్ప లేదు. కాకా చొక్కా విప్పి దిగాడు. మోకుకు అవతల, మెడ లోతులో.

"సముద్రం చేపలకు దిగిండు!" అని చుట్టాల్లో ఎవరో అరిచారు. డప్పులు ఇంకా గట్టిగా మోగాయి.

బాలి ముందు దిగింది. ఆమె వెనక మేము. నీళ్ళు నడుము దాకా వచ్చాయి, వెచ్చగా. తీజ్‌లో బుట్ట వదిలేటప్పుడు పిల్లలు ఏడవాలి, ఒకరినొకరు పట్టుకుని ఏడవాలి. ఎవరూ తొందరపెట్టరు, తొందరపెడితే కీడు అంటారు. ఒక్కొక్కరే వదిలారు. ఇరవై ముగ్గురం. పాటలు. మళ్ళీ ఏడుపు. నేను బుట్ట వదిలి తల ఎత్తితే కాకా కనిపించాడు. గాలి తెట్టంతా తెచ్చి ఆయన వీపు మీదే పోస్తోంది. గడ్డం, మీసం, చెవులు ఆకుపచ్చ. అల వచ్చినప్పుడల్లా మొహం మీదికి ఎగురుతోంది. ఉమ్ముతున్నాడు. మళ్ళీ అల. రెండు చేతులూ మోకు మీదే ఉన్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మా వైపు చూసి, "నోట్ల పోనియ్యకండి బిడ్డా, మూతి మూసుకోన్రి," అంటున్నాడు. అనడానికి తను నోరు తెరవాల్సి వస్తోంది.

బాలి అది చూసింది. "ఇంక సాలు, పైకి పోదాం," అని ఏడుపు మధ్యలోనే గట్టిగా అరిచింది. పెద్దవాళ్ళు కసిరారు. ఇంకా పాట మిగిలి ఉంది.

మేమందరం ఒడ్డెక్కి, అన్నదమ్ములు మా కాళ్ళు కడిగాక, కాకా మోకు వదిలాడు. చీకటి పడకముందే వాంతులు మొదలయ్యాయి. మర్నాడు మెడ చుట్టూ, చంకల్లో బొబ్బలు లేచాయి. పిల్లల్లో నలుగురికి దద్దుర్లు వచ్చాయి, ఒకరికి విరేచనాలు పట్టుకున్నాయి. పండుగ తీపి పడలేదన్నారు. మూడో రోజు కాకా కళ్ళు పసుపు పచ్చగా మారాయి. కారేపల్లిలో సెలైన్ ఎక్కించారు, తర్వాత ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్ళారు. విశాఖలో ఉన్నప్పుడు ఒకసారి కామెర్లు వచ్చాయని హేమ్లి కాకి అప్పుడే చెప్పింది.

"రోజూ ఎంత తాగుతాడమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"మందు ముట్టడు సార్. నీళ్ళు తాగిండు. కుంట నీళ్ళు."

డాక్టరు తల ఊపి కామెర్లు అని రాశాడు.

నేను మంచం పక్కన ఉన్నప్పుడు కాకా ఒకసారి స్పృహలోకి వచ్చి, "సీసా ఉన్నదా?" అని అడిగాడు.

"ఉంది కాకా."

"ఏం రంగు?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. ఎండలో సీసా పాడైపోయింది. అంతా కుళ్ళి అడుగుకు చేరి, పైన బూడిద రంగు నీళ్ళు మిగిలాయి. ఉన్నదే చెప్పాను.

"ఐతే పారబొయ్," అన్నాడు. "అండ్ల ఏం లేదింక." మళ్ళీ మాట్లాడలేదు. తీజ్ అయిన పదకొండో రోజున పోయాడు.

ఆయన పోయింది ఆ నీళ్ళ వల్లేనని నేను ఎవరితోనూ రుజువు చెయ్యలేను. పరీక్ష చెయ్యడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆగస్టు నెలాఖరున మొదలైన వానలు పది రోజులు విడవకుండా పడ్డాయి. కుంట నిండి అలుగు పారింది. తెట్టంతా కొట్టుకుపోయింది. నీళ్ళు ఎప్పుడూ లేనంత తేటగా అయ్యాయి. బొజ్జయ్య వలకు మళ్ళీ చేపలు తగిలాయి. హేమ్లి కాకి రేవులోకి వెళ్ళడం మానేసింది. ఎవరైనా మంచినీళ్ళు అడిగితే బాలిని పిలిచేది.

మోతీలాల్ నాయక్ కాకా కర్మ రోజున అందరి ముందూ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టి, పంచాయతీకి అర్జీ రాయమన్నాడు. తీజ్ పిల్లలు బురదలో జారకుండా ఆ రేవుకు సిమెంటు మెట్లు కట్టించాలని, ఇంకా లోపలిదాకా వేయించాలని. మెట్లకు మంగీలాల్ పేరు పెడదాం అన్నాడు. నేను రాశాను. సంతకం పెట్టిన వాళ్ళలో హేమ్లి కాకి లేదు, బాలి లేదు.

అర్జీ ఇచ్చాక ఒక పొద్దున రేవుకు వెళ్ళాను. నీళ్ళు తగ్గి అంచున బురద తేలింది. పైన నల్లమన్ను. వేలితో గీకాను. ఒక వేలు లోతున ఇంకా ఆకుపచ్చగానే ఉంది.